మా మనవరాలు ఎవరి లెక్కలోకీ రాదట

వాటర్లూ వీధిలోని యూదుల ప్రార్థనా మందిరానికి చాలామంది చూడటానికి వెళ్తారు. నేను బతిమాలటానికి వెళ్ళాను. మా అల్లుడు రూబెన్ యూదుడు. వాళ్ళమ్మ తరపువాళ్ళు నాలుగు తరాలుగా ప్రార్థనలు చేస్తున్న హాల్లో, ఐదు నెలల మా మనవరాలు మీరా పేరు కూడా అందరి ముందు చదివించి దీవెనలు ఇప్పించాలని మా అమ్మాయి సాహితి కోరిక. అల్లుడు మొహమాటపడి అడగడు, అమ్మాయి పసిపిల్లతో కదలలేదు. ఖాళీగా ఉన్నది నేనేనని ఇద్దరూ తేల్చేశారు.

టాంపినీస్‌లో మా ఇంటి దగ్గర పదిన్నరకు డౌన్‌టౌన్ లైన్ మెట్రో రైలెక్కితే ముప్పావుగంట లోపే మందిరం దగ్గరి స్టేషన్ బెన్‌కూలెన్ చేరాను. టికెట్టు రెండు డాలర్లు అటూ ఇటూ. అక్కడి నుంచి నడకే. ముందే పేరు రాయించుకున్నా గేటు దగ్గర పావుగంట పట్టింది. "డబ్బాలో ఏంటి ఆంటీ?" అన్నాడు కాపలాదారు. సున్నుండలంటే అర్థం కాలేదు. మినుములు వేయించడం దగ్గర్నుంచి చెప్పాల్సి వచ్చింది.

లోపల భోజనశాలలో రూబెన్ అమ్మమ్మ ఫ్లోరా ఆంటీ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. "నెయ్యి ఉందా? మూత తియ్యకు డార్లింగ్. బల్ల మీద మాంసం ఉంది, పాలతో చేసినవి రాకూడదు. అసలు బయట వండినవే ఇక్కడికి తేకూడదు" అంది. తెల్లవారకముందే లేచి చుట్టిన ఉండలు కుర్చీ కిందికి వెళ్ళాయి. హాకర్ సెంటర్ అనే చవక తిండి అంగళ్ళ ధరకు నాలుగింతలు పెట్టి నేను తిన్నది అన్నం, చిక్కుడు గింజలు.

విషయం అడిగాను. ఆవిడ చెంచా కింద పెట్టింది.

"మందిరం పెద్దల్ని ముందే అడిగాను. కుదరదన్నారు. మాకు తల్లిని బట్టే లెక్క. మీ అమ్మాయి మతం మారాలి, లేదా పాపను మార్పించాలి."

"మరి రూబెన్ నాన్న చైనీస్ కదా?"

"అయితేనేం, తల్లి నా కూతురు. వాడు హాకర్ సెంటర్లో పంది మాంసం తింటాడు, అయినా మావాడే. నా కొడుకు చైనీస్ పిల్లను చేసుకున్నాడు. వాడి పిల్లలు ప్రతి శుక్రవారం దీపం పెడతారు, ఒక్క ఉపవాసం వదలరు. వాళ్ళు మావాళ్ళు కాదు. నలభై ఏళ్ళుగా ఈ మాట వింటున్నాను, విసుగొచ్చింది."

నాకు ఒళ్ళు మండింది. ఇదేం న్యాయమని అనబోతుంటే ఆవిడే అడిగింది. "మరి మీ లెక్కలో పాప మీదేనా?"

వారం కిందటే అన్నప్రాశనకని పంతులుగారికి ఫోన్ చేస్తే, "పిల్లకి తండ్రి గోత్రం కదమ్మా, ఆయనకేమో గోత్రమే లేదాయె, ఏం చెప్పమంటారు?" అన్నారు. "మీకు తోచింది చెప్పండి, ఎంతైనా వాళ్ళింటి పిల్ల" అన్నది నేనే. వాళ్ళకు తల్లి కావాలి, మాకు తండ్రి కావాలి. నిక్షేపంగా ఇద్దరూ ఉన్న పిల్ల ఎక్కడా లేకుండా పోయింది.

"శుక్రవారం సాయంత్రం మా ఫ్లాటుకు తీసుకురా. హాల్లో కాకపోతే నా బల్ల దగ్గర పాపను నేనే పేరు పెట్టి పిలుస్తాను" అంది ఆంటీ.

స్టేషన్లోంచే పంతులుగారికి ఫోన్ చేసి పాపకు మా ఇంటి గోత్రం చెప్పమన్నాను. శాస్త్రం ఒప్పుకోదన్నారు. వాదించాను. ఆలోచించి చెబుతానన్నారు.

వాళ్ళ నియమాల మీద కోపంతో వెళ్ళినదాన్ని, నా మీద కోపంతో ఇల్లు చేరాను. వెళ్ళేవాళ్ళకు నా సలహా: వాళ్ళ విశ్రాంతి దినమైన శనివారం కాకుండా చూసుకుని ముందే పేరు రాయించుకోండి, గుర్తింపు కార్డు పెట్టుకోండి, తినేవేవీ తీసుకెళ్ళకండి. నాలా పని మీద వెళ్తుంటే మాత్రం, వాళ్ళను అడగబోయేది ముందు మీ ఇంట్లో అడిగి వెళ్ళండి.