తలాపున కాడి

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే ఎనిమిది కిలోలు ఉంటుందేమో. మోయడానికి మాత్రం రెండెడ్లు కావాలి. మీకు చెప్పొచ్చు. మీకు మా అన్న తెలియడు, ఎల్లయ్య తెలియడు. నేనెవరో కూడా తెలియనక్కర్లేదు. జనగామలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ, పెళ్లిళ్లలోనూ వీడ్కోలు సభల్లోనూ నాలుగు మాటలను నలభై చేసి నవ్వించేవాణ్ని అనుకోండి, చాలు.

మా ఆవిడ ఫోన్‌లో ఏదో వీడియో చూసి పడకగదిని కొత్తగా మార్చాలంది. గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేయించాం, కిటికీకి పరదాలు కట్టాం. మంచానికి తలాపు వైపు చెక్క పలక ఒక్కటే తక్కువైంది. కొనుక్కొద్దామంది. నేనే చేస్తానన్నాను. ఆ ఒక్క మాటకు మూడు వారాలు మా ఇల్లు కట్టెకోత మిల్లు అయింది. సుత్తి బొటనవేలి మీద పడ్డప్పుడు నేను పెట్టిన కేకకు, స్టేషన్‌లో ఆగిన రైలు పచ్చజెండా చూడకుండానే కదిలిపోయిందని వీధంతా చెప్పుకున్నారు. వీధంతటికీ చెప్పింది నేనే.

టేకు పలకలను వరసగా నిలబెట్టాను. వాటి పైన అడ్డంగా బిగించడానికి మంచి కర్ర కావాలి. అప్పుడు గుర్తొచ్చింది, నెల్లికుదురు దగ్గర మా ఊళ్లో, అన్న పశువుల కొట్టంలో మూలకు నిలబెట్టిన కాడి.

ఎడ్లను అమ్మి ట్రాక్టర్ కొన్నా, అన్న ఆ కాడిని మాత్రం ఉంచుకున్నాడు. ఏటా ఏరువాక నాడు కడిగి పసుపు రాస్తాడు. నాకు తెలియదా? తెలుసు. అడిగితే ఇవ్వడనీ తెలుసు. అందుకే అడగలేదు. అన్న చేనుకు పోయిన పూట చూసి వెళ్లి, గోనెసంచుల్లో చుట్టి, కారులో వేసుకొచ్చాను.

విప్పి, తిప్పి చూశాను. కాడి అడుగున, ఎడ్ల మెడలు ఆనేచోట, రెండు గుంటలు. ఎన్నేళ్ల చెమటో, ఎన్ని వేల సాళ్లో, ఆ కర్ర అద్దమై మెరుస్తోంది. నా పలకలను మూడు రోజులు గరుకు కాగితంతో రుద్దినా ఆ నునుపులో వీసమెత్తు రాలేదు. గుంటలను ముందుకు తిప్పి బిగించాను. వెనక్కి ఆని కూర్చుంటే నా తలా, మా ఆవిడ తలా కొలిచి చేసినట్టు వాటిలో ఇమిడాయి. పాతసామాన్ల కొట్లో దొరికిందని ఆమెకు చెప్పాను.

ఏరువాక వచ్చింది. కాడి కనబడటం లేదని అన్న ఫోన్ చేశాడు. ఆ క్షణాన నా తల ఎక్కడుందో తెలుసా? ఆ గుంటలోనే. ఒప్పుకోవడానికి అంతకంటే దగ్గరి చోటు ఉంటుందా? కానీ నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"ఎల్లయ్య ఛాయ్ కోసం పొయ్యిల పెట్టిండేమోనే అన్నా. ఇయ్యాల కాడి, రేపు నీ ట్రాక్టర్. జర పైలం!"

ఎల్లయ్య ఇరవై ఏళ్లకు పైగా అన్న దగ్గర పని చేసిన పెద్దమనిషి. ఆ ఎడ్లను మేపిందీ, ఆ కాడి కట్టి దున్నిందీ ఆయనే. నేను నవ్వాను. అన్న నవ్వలేదు. మర్నాడే ఎల్లయ్యను వాకిట్లోకి రావద్దన్నాడట. ఛాయ్ కోసం కాడి కాల్చినోడని ఊరంతా అన్నది. నేను పుట్టించిన నవ్వులాటల్లో అంత దూరం నడిచింది అదొక్కటే.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? అన్న కోపానికి జంకానా, లేక వచ్చిన చుట్టమల్లా ఆ పలకను చూసి నన్ను మెచ్చుకుంటుంటే ఆ మెప్పు వదులుకోలేకపోయానా? రెండోదే. రాస్తుంటే సిగ్గేస్తోంది.

రెండేళ్ల తర్వాత ఎల్లయ్య కండ్ల దవాఖానకని జనగామ వచ్చి, మంచినీళ్ల కోసం మా గుమ్మం ఎక్కాడు. మా ఆవిడ నీళ్ల క్యాన్ వేసే మనిషికి కూడా ఆ గది చూపించకుండా పంపదు. ఆయన్నీ తీసుకెళ్లింది. వెనకే నడిచాను. ఆ పది అడుగులు జనగామ నుంచి భూపాలపల్లి అంత దూరం.

"మా ఆయన సొంతంగ చేసిండు కాకా. జర చూడు."

"కండ్లు మసకైనయ్ బిడ్డా. చెయ్యి పెట్టి చూస్త."

చెయ్యి పలకల మీదుగా పైకి పాకి, మొదటి గుంటలో ఆగింది. మెల్లగా నిమిరింది.

"గిది ఎర్రోడు. ఎడమ దిక్కు కట్టేది." చెయ్యి జరిగింది. "గిది మైలోడు. వీని మెడ జర మందం."

"ఎవరు కాకా?"

"ఏం లేదు బిడ్డా. మంచిగున్నది." తర్వాత నా వైపు తిరిగాడు. "అందరు అంటాంటే, మతిల లేక నేనే కాలవెట్టిన్నేమో అనుకున్న, చిన్న పటేలా."

"ఇంకో గిలాస నీళ్లు తాగుతవా కాకా?" అన్నాను. నలభై మాటల వాడికి ఆ పూట దొరికినవి అవే.

ఆయన గొంతులో నింద లేదు. పోగొట్టుకున్నది దొరికిన మనిషి ఊపిరి ఉంది. అది నన్ను ఇప్పటికీ వదలదు. చూపు ఆనని మనిషి చెయ్యి, రెండు గుంటల్లోంచి రెండు జీవాలను పేరు పెట్టి లేపింది. ఆ తలాపును ఎర్రోడు, మైలోడు, ఎల్లయ్య కలిసి చేశారు. నేను బోల్టులు బిగించాను.

ఎల్లయ్య ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు గూడూరులో కూతురి దగ్గరున్నాడు. చేను విడిచి మా ఇంటి గడప ఎప్పుడూ తొక్కని అన్న ఇంకా నా మాటే నమ్ముతున్నాడు. నేనే చెప్తానని ఆ ముసలాయన ఎదురుచూస్తున్నాడా? తెలియదు. ఈ కాగితం అన్న ముందు పెట్టే ధైర్యం రేపటికి ఉంటుందో లేదో అదీ తెలియదు. ఒక్కటి మాత్రం ఏమీ కలపకుండా రాయగలుగుతున్నాను. రాస్తుంటే మెడ కాస్త తేలికపడుతోంది.

ఎల్లయ్య కాడిని కాల్చలేదు. నేను ఎత్తుకొచ్చాను.