బస్సులో పెట్టిన బొటనవేలు

పిల్లల తల్లిదండ్రులకు వాట్సాప్‌లో నేను ఇచ్చిన జవాబులు తక్కువ, పెట్టిన బొటనవేళ్ళు ఎక్కువ. జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేలోపు వచ్చిన మెసేజీలన్నిటికీ ఆ బొమ్మ అంటించేసేదాన్ని. వాయిస్ మెసేజీలైతే వినేదాన్నే కాదు. బస్సు రొదలో ఏం వినపడుతుందని ఒక సాకు ఉండనే ఉంది. ఏళ్ళ తరబడి నోటు పుస్తకాల మీద టిక్కులు కొట్టిన చెయ్యి ఫోనులోనూ అదే పని చేసేది. పైగా టీచరుగారు వెంటనే జవాబిస్తారని నాకు పేరు. ఆ పేరుకి లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

మిరప కోతల రోజుల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి బడికి రావడం మానేసింది. బోర్డు మీద నా లెక్కల్లోనే తప్పులు పట్టే పిల్ల. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు ఒళ్ళు మండి, బడి వదలగానే ఆటో ఎక్కి చందర్లపాడు దగ్గర వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మకి పెట్టాల్సిన చీవాట్లు దారంతా కూడబలుక్కున్నాను.

ఆమె అప్పుడే పొలం నుంచి వచ్చినట్టుంది. మంచం వాల్చి కూర్చోమంది. నేను నోరు తెరిచేలోపే, "మీరు సరేనన్నాకే మానిపించానండి," అంది.

"నేనెప్పుడన్నానమ్మా?"

ఆమె ఫోను తీసి తను పంపిన వాయిస్ మెసేజీ వినిపించింది. "టీచర్ గారూ, దీని నాన్నకి నడుం పట్టేసి పనికి పోవట్లేదండి. పాపని బడి మానిపించి నాతో కోతలకి తీసుకెళ్దామనుకుంటున్నా. అదేమో ఒకటే ఏడుపండి. మీరు వద్దంటే మానిపించనండి."

దాని కింద నా బొటనవేలు నిటారుగా నిలబడి ఉంది.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కూడబలుక్కున్న చీవాట్లన్నీ నాకే సరిపోయాయి. "నేను విననే లేదమ్మా. తప్పు నాది. పాపని మానిపించొద్దు," అన్నాను.

ఆమె "ఇప్పుడన్నారుగా, పంపిస్తాలెండి," అంది. గుమ్మంలో నిలబడ్డ పిల్ల మాత్రం నా వైపు చూడలేదు.

మర్నాడు బడికి వచ్చింది. రాని రోజుల లెక్కలన్నీ చేసి మధ్యాహ్నానికల్లా నోటు పుస్తకం తెచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో గబగబా టిక్కులు కొట్టి తిరిగి ఇచ్చాను. తీసుకోలేదు.

"చూసే పెట్టారా టీచర్?" అని మెల్లగా అడిగింది.

మళ్ళీ తెరిచి, ఈసారి ఒక్కో వరుసా చదివాను. నా తప్పులు పట్టే ఆ పిల్ల, మూడో లెక్కలో ఏడు తొమ్మిదులు అరవై రెండని రాసి ఉంచింది.