అన్నయ్య తీసిన పురుగుల ఫోటోలు

తను చనిపోయిన రోజు పొద్దున అన్నయ్య ఒక ఈగ రెక్కను గాజుపలక మీద పెట్టాడు. పలక మీద నీటిబొట్టు వేసి, రెక్కను అందులో పరిచి, పల్చటి గాజుబిళ్ల ఒక అంచును ముందు ఆనించి, రెండో అంచును సూదితో మెల్లగా దించాడు. ఒక్కసారిగా వదిలేస్తే గాలిబుడగలు చేరతాయి. చూసేవాడికి బుడగలే కనిపిస్తాయి, రెక్క కనిపించదు. ఆ చిన్న బిళ్ల దించడానికి మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడట. కాసేపయ్యాక చూస్తానని వదినతో చెప్పి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. నేను వెళ్లేసరికి మైక్రోస్కోపు కింద నీరు ఎండిపోయి, రెక్క గాజుకు అతుక్కుపోయి ఉంది.

ఏడుపు కొన్ని వారాలకు తగ్గింది. కోపం తగ్గలేదు.

అన్నయ్య ఇరవై రెండేళ్లు ఒకే కంపెనీలో పురుగుల మందు చల్లాడు. హోటళ్ల వంటగదులు, గోదాములు, ఆఫీసుల మెట్ల కింద చీకటి మూలలు. వీపున మందు డబ్బా, చేతిలో గొట్టం, ముఖానికి ముసుగు. ఆ మనిషే సెలవు రోజున తెల్లవారకముందే లేచి, రైలు పట్టాల పక్కన గడ్డిలో బోర్లా పడుకుని పురుగులకు ఫోటోలు తీసేవాడు. తోటి పనివాళ్లకు ఇది పెద్ద వేడుక. "ఆరు రోజులు చంపుతాడు, ఏడో రోజు వాటికి పెళ్లి ఫోటోలు తీస్తాడు" అనేవారు. అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు. ఫోటో కోసం మాత్రం ఒక్కదాన్నీ చంపలేదు. జీతానికి చంపేది చాలదా అనేవాడు. మైక్రోస్కోపు కిందికి కిటికీ గూట్లో చచ్చి పడినవే వెళ్లేవి.

పాత కెమెరాకు లెన్సును వెనక్కి తిప్పి బిగించుకునేవాడు. అలా బిగిస్తే దూరాన్ని చూసే గాజు చీమ మీసాన్ని చూపిస్తుంది. కానీ స్పష్టంగా కనిపించేది వెంట్రుకంత మందమే. అందుకే రింగు తిప్పకూడదు, ఒంటినే ముందుకూ వెనక్కూ వంచాలి. పురుగు కన్ను తేటపడగానే ఊపిరి వదిలి, బిగబట్టి, మీట నొక్కాలి. కన్ను తేటగా ఉంటే మిగతాదెంత మసకగా ఉన్నా జనం క్షమిస్తారని నాకు చెప్పాడు. మైక్రోస్కోపుకు ఇంకో నియమం. లెన్సును దించేటప్పుడు పక్క నుంచి చూస్తూ దించాలి, కన్ను పెట్టాక పైకి మాత్రమే తిప్పాలి. నేను మొదటి రోజే కన్ను పెట్టి కిందికి తిప్పి రెండు గాజుపలకలు పటుక్కుమనిపించాను. నా తలకాయ మీద మెల్లగా ఒకటి మొట్టాడు, అంతే.

మొదట్లో అతని ఫోటోల్లో వెలుగు మోటుగా ఉండేది. పెంకుపురుగు వీపంతా ఫ్లాష్ కొట్టిన తెల్ల మచ్చ. "దొంగను పట్టుకుని టార్చి కొట్టినట్టుంది అన్నయ్యా. అడ్డంగా తెల్లటిదేదైనా పెట్టు, వెలుగు మెత్తబడుతుంది" అన్నాను. కాగితం పెట్టాడు, మసకైంది. ప్లాస్టిక్ పెట్టాడు, పచ్చగా వచ్చింది. నెల తిరిగేసరికి మచ్చ పోయింది. పురుగు వీపు తడిపి ఆరబెట్టినంత నిగనిగగా వచ్చింది. ఏం పెట్టావని అడిగితే, దొరికిందిలే అన్నాడు. నేను పనిచేసే గ్రంథాలయంలో పన్నెండు ఫోటోలు గోడకు పెట్టించాను. ఆ వెలుగు గురించే అందరూ మాట్లాడారు. సలహా నాదేనని నేనూ ఊరంతా చెప్పుకున్నాను.

చివరి రెండేళ్లు ఫోటోలు మసకబారాయి. చేతులు వణుకుతున్నాయి, ముసలివాడివైపోయావని వేళాకోళం చేశాను.

"చెయ్యి కాదే. ఊపిరి ఆగట్లేదు" అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని డాక్టరు చెప్పేదాకా మాకు బుర్రకెక్కలేదు.

అతను పోయాక కంపెనీకి వెళ్లాను. నాకు కావలసింది ఒక్క వాక్యం. ఈ పనివల్లే ఈ మనిషి పోయాడని కంపెనీ కాగితం మీద రాయాలి. మేనేజరు నన్ను మధ్యాహ్నం దాకా బయట బల్ల మీద కూర్చోబెట్టి, సిగరెట్లు తాగేవాడా అని అడిగాడు. జన్మలో తాగలేదు. అప్పుడు సూపర్‌వైజరు రిజిస్టరు తెచ్చాడు. ముసుగుకుండే బొగ్గు డబ్బాల ముందు తొడిగే తెల్లటి వడపోత బిళ్లలు, నెలకు రెండు. ప్రతి నెలా అన్నయ్య సంతకం.

"ఇచ్చామమ్మా. తీసుకున్నాడు. చూసుకోండి" అన్నాడు.

ఆ సంతకాలు దొంగవని అందరి ముందూ అరిచాను. చచ్చినవాడి పేరు మీద సంతకాలు గీకుతున్నావని, నీ ఇంట్లోవాళ్లకు ఈ గతి పడితే తెలుస్తుందని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను తల దించుకుని రిజిస్టరు మూశాడు. ఎదురు తిట్టి ఉంటే కాస్త చల్లబడేదాన్నేమో.

కార్మికశాఖకు ఫిర్యాదు పెట్టాను. మొదటి విచారణలో అన్నయ్య తోటివాళ్లలో ఒకతను ధైర్యం చేసి చెప్పాడు. రెండు బిళ్లలు పదిరోజులకే పూడిపోతాయని, వాటినే ఉతికి వాడుకుంటారని. బిళ్ల లేకపోతే తుంపర నేరుగా లోపలి బొగ్గును తడిపేస్తుందని, ఇక ముసుగు ఉన్నా లేనట్టేనని. కంపెనీ వకీలు రిజిస్టరునే మళ్లీ చూపించాడు.

"వదిలెయ్ అమ్మాయ్" అంది వదిన, ఆ రోజు ఇంటికొచ్చాక. "ఆయనే వాళ్లనేమీ అనలేదు."

"అననందుకే పోయాడు" అన్నాను. వదిన మీదా కోపమే. మొగుడు పోతే ఇంత చల్లగా ఎలా ఉంటుంది మనిషి అనుకున్నాను.

రెండో విచారణకు నా దగ్గర ఒక ఆలోచన ఉంది. ప్రతి ఫోటోకూ తేదీ ఉంటుంది. నెలనెలా ఎలా మసకబారుతూ వచ్చాయో వరుసగా పెడితే, ఊపిరి ఎప్పటినుంచి ఆగనంటోందో గుడ్డివాడికైనా కనబడుతుంది. కెమెరా సంచి ఇమ్మని వదినను అడిగాను. ఆమె బీరువా తెరిచి సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఫ్లాష్ ముందు రబ్బరుబ్యాండుతో బిగించిన తెల్లటి గుండ్రటి బిళ్ల ఉంది. సంచి జేబులో అలాంటివే ఇంకో దొంతర. ఒక్కోదాని అంచున కంపెనీ ముద్ర, నెల, సంవత్సరం. వెలుగు పచ్చబడకుండా నెలనెలా కొత్తది మార్చుకున్నట్టున్నాడు.

ఫ్లాష్ మీదది ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మందు వాసన లేదు. ఒక్క రోజు కూడా ముసుగుకు తొడగలేదు.