నాలుగు వందల పదిహేను డిగ్రీలు

కంప్యూటరు తెర మీద కనిపించిందల్లా నిజమని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను నిండా ఆ వయసులోనే ఉన్నాను. గోదావరిఖని దగ్గర బొగ్గు మోసే బెల్టుల మోటార్లకు మీటర్లు బిగించే పని ఒక కాంట్రాక్టరు తీసుకుంటే, అందులో ట్రైనీ ఇంజనీరుగా చేరాను. (సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ల లైనంతటికీ నేనే మొదటి ఇంజనీరును. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా నేనే చూసుకునేవాణ్ణి.) ఆరు నెలలు పొరపాటు లేకుండా గడిస్తే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. పని చెప్పడానికి తేలికే. మీటర్లన్నీ ఒకే కేబులు మీద ఉంటాయి. కంట్రోల్ రూములోని కంప్యూటరు ఒక్కో మీటరును దాని నంబరుతో పిలిచి, ఫలానా గడిలో ఏముందని అడిగితే అది అంకె చెబుతుంది. ఎనిమిదో గడిలో మోటారు వేడి, తొమ్మిదో గడిలో ఓల్టేజి అని పుస్తకంలో రాసి ఉంది. నాకు తోడిచ్చిన ఎలక్ట్రీషియన్‌ను అందరూ పానా కాక అనేవారు. నట్లు బిగించే పానా చేతిలో లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదట. ఆయన మోటారు మీద అరచెయ్యి పెట్టి వేడెంతో చెప్పేవాడు. నేను జాలిగా నవ్వేవాణ్ణి.

ఒకరోజు మొదటి షిఫ్టు మధ్యలో మూడో బెల్టు మోటారు వేడెంతని మొదటిసారి అడిగితే తెర మీద 415 అని వచ్చింది. ఇంకొకడైతే రెండోసారి అడిగి చూసేవాడు. నేను "కాలిపోతాంది!" అని కేక పెట్టి బెల్టు ఆపేశాను. అది ఆగితే దాని వెనకున్నవన్నీ ఆగుతాయి. అన్నీ ఆగాయి. ఇసుక బకెట్లతో నలుగుర్ని వెంటేసుకుని పరుగెత్తి వెళ్తే, పానా కాక ఆ మోటారు మీదే చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏమైంది సారూ, గిట్ల ఉరుకుతున్నరు?"

"కాకా, చెయ్యి తియ్యి! నాలుగొందల పదిహేను డిగ్రీలున్నది!"

ఆయన తియ్యలేదు. "గంత వేడుంటే నా చెయ్యి ఉంటదా? నాలుగొందల పదిహేనంటే ఓల్టేజి గద సారూ. కరెంటు పని చేసేటోళ్లను ఎవ్వలనడిగినా చెప్తరు."

అప్పుడు వెలిగింది నాకు. పుస్తకం గళ్ళను ఒకటి నుంచి లెక్కపెడితే, మీటరు సున్నా నుంచి లెక్కపెడుతుంది. నేను ఎనిమిది అంటే అది బుద్ధిగా తొమ్మిదో గడి చదివి చెప్పింది.

ఇంతలో అక్కడి ఫోను మోగితే నేనే ఎత్తాను. ప్లాంటు పెద్ద సారు. "బెల్టు ఎవరు ఆపిండ్రు?" అన్నాడు. కాక నా చేతిలోని రిసీవరు లాక్కుని, "నేనే ఆపిన సార్. మోటారు సప్పుడు తేడా అనిపిచ్చింది" అన్నాడు. ఆయన తిన్న తిట్లన్నీ పక్కనున్న నాకూ వినిపించాయి. ఫోను పెట్టేసి, "నన్నైతే తిడ్తరు, గంతే. నిన్ను ఇంటికి తోల్తరు బిడ్డా. పో, జల్ది నీ అంకెలు సక్కజేసుకో" అన్నాడు. ఆ సాయంత్రమే పెద్ద సారు దగ్గరికెళ్ళి నిజం చెప్పాలనుకున్నాను. తర్వాత రేపనుకున్నాను. తర్వాత ఉద్యోగం ఖాయమైంది, ఇక చెప్పడానికి మరీ సిగ్గేసింది.

తొమ్మిదేళ్ళకు, కాక రిటైర్మెంటు సభలో మైకు పట్టుకుని అందరి ముందూ ఆ కథంతా చెప్పేశాను. పెద్ద సారు పకపకా నవ్వాడు.

"గా ముచ్చట కాక నాకు ఆ దినమే చెప్పిండయ్యా. నిన్ను పిలిచి అడుగుదమంటే వద్దని ఆపిండు."

కాక మెడలోని దండ సర్దుకుంటూ, "పిలగాడు మంచోడే, తనే వచ్చి చెప్తడు, జర టైమియ్యుండ్రి సార్ అని నేనే అన్న" అన్నాడు.

ఆ జర టైము తొమ్మిదేళ్ళవుతుందని పాపం ఆయన మాత్రం ఏం కలగన్నాడు!