అవ్వ నోట రాని పేర్లు

బాగా కాలిన షాబాద్ బండ మీద నీళ్ళు పోస్తే ఒక వాసన వస్తుంది. తడిమట్టి వాసన అంత తియ్యగా ఉండదు, సున్నమూ సుద్దా కలిసినట్టు గొంతుకు తగులుతుంది. మొన్న ఎండలకు వాకిట్లోని బండలు చల్లారాలని నా భార్య బకెట్ నీళ్ళు కుమ్మరించగానే ఆ వాసన లేచింది, దాని వెంటే నా చిన్ననాటి చిరాకు కూడా లేచింది. ఆ చిరాకు మా నాయనది. ఆస్తిపాస్తులు లేని ఇంట్లో నాకు వారసత్వంగా వచ్చింది అదొక్కటే.

నారాయణఖేడ్‌లో మా ఇంట్లో పేర్లు ఒక పెద్ద చిక్కు. మా ముత్తాత దొరల కాలంలో బాప్తిస్మం తీసుకుంటే తెల్లదొర ఆయనకు అబ్రహాము అని పేరు పెట్టాడట. ఆయన తన కొడుక్కు ఇస్సాకు అని, ఆ కొడుకు మా నాయనకు యాకోబు అని వరుస తప్పకుండా పెట్టుకుంటూ వచ్చారు. ఆ వరుస అయిపోయాక తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ పట్టుకున్నారు కాబట్టి నేను మళ్ళీ ఇస్సాకునయ్యాను. ఆనవాయితీ అక్కడితో ఆగితే బాగుండేది. మొగుడి పేరూ మామ పేరూ ఆడమనిషి నోట రాకూడదన్నది ఇంకొకటి. నాయన తల్లి, మా అవ్వ, దేవుణ్ణి మార్చుకుంది కానీ దీన్ని మార్చుకోలేదు. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చరుస్తూ, ఆ చప్పుడుకు తగ్గట్టు, అబ్రహాము దేవా, ఇస్సాకు దేవా అనాల్సిన చోట "మా మామ దేవా, మా ఇంటాయన దేవా, యాకోబు దేవా" అని ప్రార్థన చేసేది. నన్ను "పిలగా" అనేది. అమ్మకు కూడా నాది మామ పేరే కాబట్టి అమ్మకు నేను "చిన్నోణ్ణి". బడిలో చేరిన రోజు పంతులు ఇస్సాకు అని పిలిస్తే వాడెవడోనని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను.

పునాస పంటలప్పుడు పచ్చి పెసరకాయలు జేబుల్లో కుక్కుకుని గిల్లీదండా లాంటి చిర్రగోనె ఆడడం, క్రిస్మస్‌కు అమ్మా అవ్వా చేసిన గర్జెలూ సకినాలూ దొంగతనంగా తినడం, ఇవన్నీ అందరి బాల్యంలాగే నాకూ ఉన్నాయి. కానీ నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది ఈస్టరుకు ముందు సమాధుల తోటలో సున్నం వేసే రోజు. ఈతకుంచెతో తాత సమాధికి నేను, దాని పక్కనే రాయి లేని ముత్తాత సమాధికి నాయన సున్నం కొట్టేవాళ్ళం. ఒక ఏడు నాయన కుంచె ఆపేసి, "మా తాతకు దొర పెట్టిన పేరొకటి, తల్లి పెట్టిన పేరొకటి. తల్లి పెట్టింది మాయమైపోతదిరా. రెండూ చెక్కిచ్చి రాయి ఏపిస్త" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రశాంతత పోయింది.

నాయన బస్ డిపోలో మెకానిక్. సెలవు దొరికితే చాలు, ఏదో ఒక బస్సెక్కి ముత్తాత కోసం బయలుదేరేవాడు. బీదర్ దిక్కున ఒక పాత మిషన్ బంగళాలో బాప్తిస్మాల పుస్తకం ఉందంటే నన్ను కూడా తీసుకుపోయాడు. చెదలు వదిలిపెట్టిన కాగితాల్లో అబ్రహాములు గుంపులుగా కనిపించారు. గూడేలకు గూడేలే ఒకే రోజు బాప్తిస్మం తీసుకుంటే పాపం దొర ఎన్ని పేర్లని వెతుకుతాడు! పాత పేరు ఎవరికీ రాసి లేదు. "అబ్రహాము, భార్య, పిల్లలు" అని మాత్రం ఉంది. నిజాం కాలపు భూమి లెక్కలు, ఉర్దూ పహాణీలు చదవగలిగే ముసలాయన దగ్గరికి పోతే ఆయన నవ్వాడు.

"భూమి ఉన్నదా మీ తాతకు?"

"లేదు సాబ్."

"మరి కాగితంల పేరెందుకుంటది బేటా? ఎందుకు పరేషాన్ అయితున్నవ్, ఇంటికి పో."

ఇంట్లో అవ్వ ఉంది. ఆమెకు ఆ పేరు తెలుసు. అది కదా అసలు బాధ! కోడలుగా వచ్చిన కొత్తలో చుట్టాలు ఆయనను పాత పేరుతోనే పిలిచేవాళ్ళని తనే చెప్పేది; ఏమని పిలిచేవాళ్ళు అంటే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"గట్ల అడుగొద్దు బిడ్డా. మామ పేరు నోట్లకెట్ల తేవాలె?"

"ఆయన సచ్చి ఎన్నేండ్లాయెనే అమ్మా!"

"సస్తే మామ కాకుండ పోతడా?"

అప్పుడు ఆరో తరగతిలో ఉన్న నాకు ఒక ఉపాయం తోచింది. ఆ తెలివికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆమె పలకొద్దు; మేమే పేర్లు చదువుతాం, సరైనది రాగానే తల ఊపితే చాలు. నాయన నా వీపు తట్టాడు. ఒక ఆదివారం గుడి నుంచి రాగానే అవ్వను గోడకు కూర్చోబెట్టి, బడిలో హాజరు పిలిచినట్టు మొదలుపెట్టాను. ఎల్లయ్య. పోచయ్య. సాయిలు. బాలయ్య. అవ్వ రాయిలా కూర్చుంది. అమ్మ రెండుసార్లు తిండికి పిలిచింది. నాయన పేర్లు అందిస్తున్నాడు, నేను గొంతు పెంచుతున్నాను, చివరికి "తలకాయ ఊపితే ఇరిగిపోతదా?" అని ఆమె మీద అరిచాను. నాయన నన్ను ఆపలేదు. మల్లయ్య అన్నప్పుడు అవ్వ తల ఊపింది.

షాబాద్ బండ తెచ్చి, రెండు పేర్లూ కలిపి "అబ్రహాము ఉరఫ్ మల్లయ్య" అని చెక్కించి, ఈస్టరు తెల్లవారుజామున పాస్టరుతో ప్రార్థన చేయించాం. పాస్టరు ఆ పేరు గట్టిగా చదివితే అందరితోపాటు అవ్వ కూడా ఆమెన్ అంది.

మరుసటి ఏడు ఈస్టరుకు కంగ్టి దిక్కు నుంచి మార్తమ్మ వచ్చింది. అవ్వకు ఆడబిడ్డ, ముత్తాతకు సొంత బిడ్డ. ఆమెకు చదువు రాదు కాబట్టి బండ మీది అక్షరాలు నేనే గొప్పగా చదివి వినిపించాను.

"ఎవడ్రా మల్లయ్య?" అంది మార్తమ్మ. "మా నాయిన పేరు దుర్గప్ప. ఔరాద్ దిక్కుకెల్లి వచ్చినోడు. ఎవని రాయి తెచ్చి మా నాయిన మీద పెట్టిన్రు?"

నాయన మార్తమ్మ వైపు తిరిగాడు. "అత్తా, గింత ఎరుకుండి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేవే?"

"నన్నెవడడిగిండు?"

నిజమే, ఎవరూ అడగలేదు. కూతురు తండ్రి పేరు చెప్పడానికి ఏ అడ్డూ లేదు. కానీ పెళ్ళయి పోయిన ఆడపిల్లకు మన వంశం సంగతి ఏం ఎరుకని మా మొగవాళ్ళ లెక్క. చెదల పుస్తకాన్ని అడిగాం, ఉర్దూ కాగితాలను అడిగాం, చెప్పకూడని మనిషిని గోడకు కూర్చోబెట్టి అడిగాం. ఒక బస్సు టికెట్ దూరంలో ఉన్న మనిషిని అడగలేదు.

ఇంటికి వచ్చాక నాయన అవ్వ మీద విరుచుకుపడ్డాడు. "మరి తలకాయ ఎందుకు ఊపినవే?"

"మీరు సదువుడు ఆపరైతిరి, తినరైతిరి. రొట్టెలు ఎండుకపోవట్టె" అంది అవ్వ.

చెక్కిన రాయిని చెరపలేమని, తిరగేసి రెండో వైపు చెక్కుకోవచ్చని పనివాడు చెప్పాడు. అలా దుర్గప్ప ఆకాశం వైపు, ఎవరో తెలియని మల్లయ్య మట్టి వైపు ఉండిపోయారు.

అవ్వ పందొమ్మిది వందల తొంభైలలో పోయింది. అప్పటికి మార్తమ్మ కూడా లేదు. నాయన పనివాడికి తన తాత రాయినే చూపించి, ఇలాగే చెక్కు, పేరు రూతమ్మ అన్నాడు. ఉరఫ్ వరకు చెక్కేసి, ఆ తర్వాతి పేరు అడగడానికి పనివాడు సాయంత్రం ఇంటికి వచ్చాడు. రూతమ్మ అన్నది ఆమె పెళ్ళి ముందర పాస్టరు పెట్టిన పేరు. దానికి ముందు ఆమె తల్లి ఏ పేరు పెట్టిందో నాయనకు తెలియదు. నాకు తెలియదు. ఆమె పుట్టింటివాళ్ళు ఎవరూ మిగల్లేదు. తన పేరు తను చెప్పడానికి ఏ ఆనవాయితీ అడ్డురాదు. రొట్టె చరుస్తూ చెప్పేసి ఉండేది. ఆ ఆదివారం ఆమె ముందు కూర్చుని అన్ని పేర్లు అరిచిన నేను ఆ ఒక్కటి అడగలేదు.

నాయన కూడా ఇప్పుడు ఆ సమాధుల తోటలోనే ఉన్నాడు. ఈతకుంచెలు పోయి బ్రష్షులు వచ్చాయి, సున్నం పోయి రంగుల డబ్బాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు నేను పోయి బండలు కడుగుతాను, నీళ్ళు పడగానే అదే వాసన లేస్తుంది. అవ్వ బండ మీద "రూతమ్మ ఉరఫ్" అని ఉంటుంది. ఆ తర్వాత జానెడు ఖాళీ బండ.