ఎవరూ ముట్టుకోని రెండో డిస్కు

2023లో దసరా వెళ్ళిన వారం. మాచర్లలోని నా రిపేరు షాపుకు దుర్గి నుంచి సుబ్బాచారి అన్న ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఆయన రాతి శిల్పి. ఇంట్లో ఓ పాతకాలపు కంప్యూటర్ ఉంది. అందులో రెండు హార్డ్ డిస్కులు. ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో ఫొటోలు. ఆ రెండోది కనపడటం లేదు.

ఒకే ప్రశ్న ఎన్ని రకాలుగా అడిగానో! మూత విప్పారా? కేబుల్ కదిలిందా? ఎవరైనా చెయ్యి పెట్టారా? "ఎవురూ ముట్టుకోలా తమ్ముడూ." ఎప్పుడడిగినా అదే జవాబు. పోనీ పట్టుకు రమ్మంటే పనిలో ఉన్నానంటాడు. ఈ 'ముట్టుకోలా' వినీ వినీ నాకు చెవులు చిల్లులు పడ్డాయి. ముట్టుకోకుండానే చెడిపోయిన సామాను నా సర్వీసులో చాలా తక్కువ చూశాను.

చివరికి బండి మీద వచ్చారు. వెనక ఆయన భార్య నాగమణక్క, ఆమె ఒళ్ళో సీపీయూ. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. చనిపోయిన వాళ్ళమ్మ విగ్రహం చెక్కుతున్నాడట. మెడ దాకా అయింది. అమ్మ ఫొటోలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి.

"అమ్మ ముఖం నీకు గుర్తుండదా అన్నా?" అన్నాను.

"ఉందనే అనుకున్నా. ఉలి పట్టుకుంటే చెయ్యి ఆగిపోతంది. రాయి ఒకసారి పోయిందంటే మళ్ళా అతికించలేం."

నా చిరాకు కాస్త తగ్గింది. ముందు బయోస్ చూశాను. అంటే, ఆన్ చేయగానే కంప్యూటర్ తనకు ఏయే డిస్కులు తగిలించారో చూసుకునే చోటు. అక్కడా ఒకటే ఉంది. మూత విప్పాను. మళ్ళీ ఒళ్ళు మండింది. పై డిస్కు వీపు మీద పసుపు, కుంకుమ. కింది డిస్కు కేబుల్ లాగి చూస్తే, పిన్నుల మధ్య గంధం ఎండి గట్టిపడి ఉంది.

"ఎవరూ ముట్టుకోలేదన్నారే?"

"పూజ చేస్తే ముట్టుకున్నట్టా?" అంది నాగమణక్క, పైగా నా మీదే విసుక్కుంటూ. "దసరాకి బొట్టు ఉలికి పెడతాం గానీ ఉలి సంచికి పెడతామా ఏంది? దీనికీ లోపలే పెట్టా. వైరుండే వైపు ముఖమనుకున్నా."

వైరు ఊడదీసి, బొట్టు పెట్టి, మళ్ళీ భక్తిగా తగిలించిందట. పైదాని వైరు ఊడి రాలేదు కాబట్టి అది బతికిపోయింది.

నెత్తి కొట్టుకున్నాను. పిన్ను ఒక్కటి వంగినా అంతే సంగతులు. స్పిరిట్‌తో, మెత్తటి బ్రష్షుతో ఆ గంధమంతా వదిలించేసరికి నా అన్నం వేళ దాటిపోయింది. కొత్త కేబుల్ వేసి ఆన్ చేస్తే రెండో డిస్కు కనపడింది. ముందు ఫొటోలన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాను, తిట్లు తర్వాత చూసుకుందామని.

స్క్రీన్ మీదకు వాళ్ళమ్మ వచ్చింది. నవ్వుతోంది. నవ్వుకి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. సుబ్బాచారి అన్న కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

"రాయి మీద రెండు కళ్ళూ సమానంగా గీసి పెట్టా," అన్నాడు మెల్లగా. "అట్నే చెక్కేసేవాణ్ణి."

ఇక తిట్లు నోటికి రాలేదు. షాపులో పటం దగ్గరున్న కుంకుమ తెచ్చి, డిస్కు పైరేకు మీద, పిన్నులకు దూరంగా నేనే బొట్టు పెట్టాను. మూత వేసి స్క్రూలు బిగించాను.

"లోపల బొట్టుంది అక్కా. ఇక మూత తీయాల్సిన పని లేదు," అన్నాను.

ఇప్పుడు దసరా వెళ్ళాక ఏ మెషీన్ వచ్చినా, ఎవరైనా ముట్టుకున్నారా అని అడగను. బొట్టు ఎక్కడ పెట్టారని అడుగుతాను. దానికి మాత్రం అందరూ నిజమే చెబుతారు.