అరిజోనా పెట్టె ఇంకా రాలేదు

నేను అమెరికా వెళ్లలేదు. అమెరికానే పెట్టెల్లో నా దగ్గరికి వచ్చేది. ఎనభైల మొదట్లో షార్జా విమానాశ్రయం పక్కన, విమానాలు బాగుచేసే ఒక హ్యాంగర్‌లో నేను స్టోర్‌కీపర్‌ని. సామానంతా చెక్కపెట్టెల్లో దిగేది. పెట్టె మీద పంపినవాళ్ల ఊరూ స్టేటూ నల్లరంగుతో కొట్టి ఉండేవి. నెల్లూరు బడిలో మాస్టారు బెత్తం విరిగేదాకా చెప్పినా బుర్రకెక్కని భూగోళం, అక్కడ మేకులు పీకుతుంటే ఎక్కింది.

పెద్ద ప్యాసింజర్ విమానాలు వాషింగ్టన్‌వి. అంటే రాజధాని కాదు, దేశానికి అవతలి ఒడ్డున ఉన్న స్టేటు. ఆ సంగతి తెలియక మొదట్లో ఆ పెట్టెలు ప్రెసిడెంటుగారి ఊరి నుంచి వస్తున్నాయనుకుని కాస్త మర్యాదగా దించేవాణ్ణి. సముద్రంలో చమురు బావుల మీదకి మనుషుల్ని మోసే హెలికాప్టర్లు టెక్సాస్‌వి. నాలుగు పంకాల సరుకు విమానం జార్జియాది. పెద్ద ఇంజన్ల సామాను కనెక్టికట్ నుంచి, చిన్నవాటిది అరిజోనా నుంచి వచ్చేది. ఒక్కో స్టేటుకి ఒక్కో బుద్ధి. కనెక్టికట్ వాళ్లు మేకులు కొట్టరు, స్క్రూలు బిగిస్తారు. టెక్సాస్ వాళ్లు అరచేతిలో పట్టే సామానుకి మనిషి పట్టే పెట్టె పంపుతారు.

ఖాళీ పెట్టెలు మేం పడుకునే సజ్జా క్యాంపుకి చేరేవి. నేను ఆరేళ్లు కనెక్టికట్ మీద పడుకున్నాను. మా బియ్యం టెక్సాస్‌లో ఉండేవి. చెప్పులు పెట్టుకునే అరుగు జార్జియా. ఇంత అమెరికాలో బతికి డాలరు ముఖం చూడనివాళ్లు ప్రపంచంలో మేమే అయ్యుంటాం.

నా పక్క మంచం వాడు జగిత్యాల వైపు పల్లెటూరివాడు. హ్యాంగర్‌లో హెల్పరు. విమానాల చక్రాలూ, వాటి పైనుండే ఇనప కాళ్లూ తుడిచి గ్రీజు పెట్టడం వాడి పని. ఒక ఏడు వాడికి పెళ్లి కుదిరింది. కుదిరిన రోజు నుంచీ క్యాంపులో వాడి అసలు పేరు అందరూ మరిచిపోయారు, పెళ్లికొడుకు అనే పిలిచేవాళ్లు. నా దగ్గర ఒక ఖాళీ అరిజోనా పెట్టె అడిగి తీసుకుని, దానికి కీళ్లూ గొళ్లెం వేయించి, అందులో చీరలు, సెంటు సీసాలు, టేప్ రికార్డరు సర్దుకున్నాడు. రోజూ ఒకసారి తెరిచి చూసుకుని మూసేవాడు. ఎవరైనా నవ్వితే, "మీకు కుదురుతె తెలుస్తది," అనేవాడు.

మా క్యాంపులో ఒక అలవాటుండేది. కొత్తది ఏది వచ్చినా బొట్టు పెట్టడం. పికప్ బండికి పెట్టాం, జనరేటర్‌కి పెట్టాం, మెస్‌లో గ్యాస్ పొయ్యికి పెట్టాం. దసరాకైతే నీళ్ల ట్యాంకుక్కూడా పెట్టాం. వీటిలో ఏదీ అభ్యంతరం చెప్పలేదు. ముదీర్ కూడా చూసీ చూడనట్టు పోయేవాడు. ముదీర్ అంటే మా మేనేజరు, మా అందరి పాస్‌పోర్టులూ ఆయన సొరుగులోనే ఉండేవి.

పెళ్లికొడుకు సెలవు ఖాయమయ్యాక, ఒక బిల్డింగ్ కంట్రాక్టరు తాలూకు చిన్న జెట్ విమానం రిపేరుకి వచ్చింది. యజమాని పెద్దమనిషి, త్వరగా కావాలన్నాడు. ముదీర్ మమ్మల్నందరినీ నిలబెట్టి, "ఈ విమానాన్ని ముట్టుకున్న వాడెవడూ ఇది ఎగిరేదాకా ఛుట్టీ మీద పోడు. ఖలాస్," అన్నాడు. పెళ్లికొడుకు అప్పటికే దాని ఎడమ చక్రం పట్టుకుని ఉన్నాడు.

ఆ విమానంతో పాటు దాన్ని తయారుచేసిన కంపెనీ తరపున ఒక అమెరికన్ ఇంజనీరు కూడా వచ్చాడు. అతను కాన్సాస్ వాడు. మాకందరికీ అతను కాన్సాసే. పొడుగు మనిషి, నవ్వడు, కోపం కూడా రాదు. తమ స్టేటులో పండేవి రెండేననీ, ఒకటి గోధుమలు, రెండోది చిన్న విమానాలనీ చెప్పాడు. ఒకరోజు టీ తాగుతూ నాకు ఆ విమానాన్ని భాగాలు పంచి చూపించాడు. ఒళ్లంతా కాన్సాస్. ఇంజన్లు అరిజోనా. టైర్లు ఒహాయో. బ్రేకులు ఇండియానా. పైలట్ ముందుండే రేడియోలు అయోవా.

"మరి ఎగిరేది ఎవరిది?" అన్నాను.

"ఎగిరితే కాన్సాస్‌ది. ఎగరకపోతే అరిజోనాది," అన్నాడు.

నాకతని మీద వెంటనే గౌరవం కలిగింది. మా మెస్‌లోనూ అంతే. పప్పుచారు కుదిరితే నెల్లూరు వాళ్లు పెట్టినట్టు, కుదరకపోతే కరీంనగర్ వాళ్లు పెట్టినట్టు.

ఇక ఒక్కో స్టేటూ మా పెళ్లికొడుకుని ఆడించడం మొదలుపెట్టింది. ఒహాయో రెండు టైర్లు పంపాల్సి ఉండగా ఒకటి పంపింది. రెండోది వెనక వస్తుందని టెలెక్స్ వచ్చింది. అయోవా పంపిన రేడియో దారిలో ఎక్కడో వారం పాటు విశ్రాంతి తీసుకుంది. ఇండియానా మాత్రం చెప్పిన రోజుకి పంపింది, అది మేమే నమ్మలేక పెట్టె రెండుసార్లు విప్పి చూశాం. అరిజోనాలోని గోడౌను వాళ్లు మొదట వేరే ఇంజన్‌కి సరిపోయే సామాను పంపారు. పొరపాటైంది, మన్నించమన్నారు. సరైనది బయల్దేరిందన్నారు. అది రాలేదు. ఇంకోసారి మన్నించమన్నారు.

పెళ్లికొడుకు పొద్దున పళ్లు తోముకుంటూ, "అన్నా, అరిజోనా అచ్చిందా?" అనేవాడు. మధ్యాహ్నం స్టోర్ కిటికీలో తల పెట్టి మళ్లీ అదే మాట. నాలుగు రోజులకి మెస్‌లో రొట్టెలు కాల్చే కడప సాయెబు కూడా, సలామ్‌కి బదులు, "అరిజోనా వచ్చిందా భాయ్?" అనడం మొదలుపెట్టాడు. జన్మలో అరిజోనా గురించి అన్నిసార్లు అనుకున్న తెలుగువాళ్లు ఇంకెక్కడా ఉండరు. ముహూర్తం దగ్గరపడుతోంది. వాయిదా వేద్దామంటే మళ్లీ ఆర్నెల్లదాకా మంచి లగ్నం లేదట, అమ్మాయి తరపువాళ్లు అన్నాళ్లు ఆగేటట్టు లేరు. వాడు పెట్టె తెరిచి చూసుకోవడం మానేశాడు.

చివరికి అరిజోనా వచ్చింది. ఆ పెట్టెని పెళ్లికొడుకు ఒక్కడే భుజాన వేసుకుని హ్యాంగర్‌లోకి పరిగెత్తాడు, ఇద్దరు మోయాల్సిన పెట్టె. సామాను బిగించారు, ఇంజన్ తిప్పి చూశారు, బాగుంది. మర్నాడు పొద్దున కాన్సాస్ ఆఖరిసారి అంతా చూసి సంతకం పెడితే విమానం ఎగురుతుంది, పాస్‌పోర్టు చేతికొస్తుంది. ఆ సాయంత్రం మెస్‌లో అందరికీ సేమ్యా పాయసం చేశారు.

మర్నాడు కాన్సాస్ విమానం కింద వంగి, ఎడమ కాలు దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఇనప కాలు మీద ఎర్రటి నూనె కారి ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అలాంటి విమానాల్లో చక్రాలు పైకి లాగేందుకూ బ్రేకులు వేసేందుకూ ఒక నూనె ఉంటుంది. కారితే వెంటనే కనబడాలని దానికి కావాలనే ఎర్రరంగు కలుపుతారు. కాబట్టి ఎర్రనూనె కనబడిందంటే విమానం కదలకూడదు. కాన్సాస్ తన పుస్తకంలో రాశాడు, చక్రానికి ఎర్రజెండా కట్టాడు, కాలు మొత్తం విప్పాలన్నాడు. లోపలి రబ్బరు రింగులు కొత్తవి కావాలన్నాడు. ఎక్కడి నుంచి తెప్పించాలని అడిగితే, కాన్సాస్ నుంచి అన్నాడు.

ముహూర్తానికి ఇక వారం కూడా లేదు.

కాసేపటికి పెళ్లికొడుకు స్టోర్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"అన్నా, గది నూనె గాదే."

"మరేందిరా?"

"బొట్టు. నిన్న పొద్దుమీకి నేనే పెట్టిన. కుంకుమ ఇనుము మీద ఆగుతలేదని కొబ్బరినూనెల కలిపి పెట్టిన."

ఆ ఎండకి హ్యాంగర్లో కొబ్బరినూనె ఆగుతుందా? కరిగి కాలు పొడవునా దిగింది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఎడారిలో ఇన్ని వేల మైళ్ల దూరం నుంచి ఇన్ని స్టేట్లు కలిసి ఎగరేయబోయిన విమానాన్ని మావాడు తలనూనెతో ఆపేశాడు.

"ఎందుకు పెట్టావురా?"

"మంచిగ ఎగరాలెనని."

ఇద్దరం కూర్చుని ఆలోచించాం. చెబితే ముదీర్ ఊరుకోడు, వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తాడు. వాడు పెళ్లికి అందుకుంటాడు గానీ మళ్లీ రాడు. చెప్పకపోతే ఉద్యోగం ఉంటుంది, పెళ్లి ఉండదు. వాడు లేచి నిలబడి, "పా అన్నా, చెప్దాం. మంచిగున్న కాలు ఇప్పితే ఎట్ల?" అన్నాడు. ఆలోచించమన్నాను. ఆలోచించానన్నాడు.

కాన్సాస్‌కి నేనే ఇంగ్లీషులో చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. అతను వేలితో ఆ ఎరుపు తీసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. తరవాత పెళ్లికొడుకు తలని, కొంచెం వంగి, వాసన చూశాడు.

"ఇది ఏ స్టేటుది?" అని అడిగాడు.

"ఆంధ్రప్రదేశ్," అన్నాను.

"దీనికి సర్టిఫికెట్ ఉందా?"

"లేదు."

"సర్టిఫికెట్ లేనిది నా విమానం మీద ఉండకూడదు," అని గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు. పెళ్లి ముందు, పెట్టిన బొట్టు చెరిపేస్తుంటే ఎవడు మాత్రం చూడగలడు? ఆ మాట నేను కాన్సాస్‌కి చెప్పలేదు. చెప్పినా తుడవక తప్పదు.

శుభ్రంగా తుడిచాక బ్రేకులు నొక్కించి, చక్రాలు పైకీ కిందికీ ఆడించి, మధ్యాహ్నందాకా చూశాడు. ఒక్క చుక్క కారలేదు. అప్పుడు పుస్తకంలో రాశాడు: ఎడమ కాలు మీద కొబ్బరినూనె, ఎర్రపొడి కనబడ్డాయి, శుభ్రం చేయబడింది, లీకు లేదు. ఇంకేదైనా రాయొచ్చు కదా అని నేను బతిమాలాను. "ఇందులో అబద్ధం రాస్తే రేపు ఎవడో అది నమ్మి ఎగురుతాడు," అన్నాడు. నిజమే. కానీ మావాడి పేరు మాత్రం రాయలేదు.

రాయాల్సిన అవసరం పడలేదు. ముదీర్ అది చదివి, కొబ్బరినూనె ఎవడిదని హెల్పర్లని నిలబెట్టి అడిగాడు. పెళ్లికొడుకు ముందుకొచ్చి, "మేరా హై సాబ్," అన్నాడు. అంతే, క్యాన్సిల్. సొరుగులోంచి పాస్‌పోర్టు బయటికొచ్చింది.

నేను స్టోర్ రిజిస్టరు సంతకానికి ముదీర్ గదిలోకి వెళ్లేసరికి కాన్సాస్ అక్కడ ఉన్నాడు. ఎప్పుడూ లేనిది అతని మొహం ఎర్రబడి ఉంది. "ఒహాయో ఆలస్యం చేసింది, అయోవా ఆలస్యం చేసింది. అరిజోనా అయితే తప్పు సామాను పంపి, రెండుసార్లు మన్నించమంది. అందరికంటే తక్కువ ఆలస్యం చేసింది ఈ కుర్రాడు, ఒక్క పూట. అరిజోనాని మీరేం చేశారు?" అన్నాడు.

ముదీర్‌కి మాత్రం కోపం లేదు. నిదానంగా సొరుగు మూసి అన్నాడు:

"అరిజోనా పాస్‌పోర్టు నా దగ్గర లేదు."

కాన్సాస్ తన పుస్తకం తీసుకుని బయటికి నడిచాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ మంట తగ్గలేదు, ఇప్పుడు రాస్తున్నా ఉంది.

మర్నాడు ఆ జెట్టు ఎగిరింది. అదే రోజు నేను పెళ్లికొడుకుని దుబాయ్ విమానాశ్రయంలో దింపాను. అరిజోనా పెట్టెకి తాడు కట్టి, తాడుకి మళ్లీ తాడు కట్టి తెచ్చుకున్నాడు. అద్దంలోంచి విమానం చూపించి, "గిది ఏ స్టేటుదే అన్నా?" అన్నాడు.

"వాషింగ్టన్‌ది."

"మంచిదేనా?"

"మంచిదేరా."

"పెండ్లైతె అయితది గదనే," అన్నాడు, నేనేదో ఏడుస్తున్నట్టు. ముహూర్తానికి అందుకున్నాడు. పెళ్లి బాగా జరిగిందని రాయించాడు. మళ్లీ షార్జా రాలేదు.

ఆ తరవాత కూడా అరిజోనా ఆలస్యం చేస్తూనే ఉంది. తప్పు సామాను పంపేది, మన్నించమనేది. పెట్టె ఎప్పుడొచ్చినా నేనే సంతకం పెట్టి, జాగ్రత్తగా దించి తీసుకునేవాణ్ణి.